గీత పొడిగిస్తే 2040 కనబడదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "భవిష్యత్ అధ్యయనమంటే చదువుకున్నవాళ్ళు చెప్పే జోస్యం. పంచాయతీ ప్లానుకు గత పదేళ్ళ లెక్కలు ఎక్సెల్‌లో వేసి గీత పొడిగిస్తే చాలు. అనుమానముంటే నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి అడగండి. అదీ కాకపోతే ఏఐ చెబుతుంది" అని దాని సారం. ఈ మాట నమ్మి ప్లాను రాస్తే నష్టపోయేది నది ఒడ్డు పొలాల రైతులే. అందుకే ఈ జవాబు.

జోస్యం ఒక్కటే జవాబు చెబుతుంది. సినారియో పద్ధతి జరగడానికి వీలున్న నాలుగు దారులు పెట్టి, ఒక్కోదాంట్లో మీరేం చేస్తారని అడుగుతుంది. షెల్ అనే చమురు కంపెనీలో పియర్ వాక్ బృందం 1973 చమురు సంక్షోభానికి ముందు చేసింది ఇదే. ధర ఫలానా నెలలో పెరుగుతుందని వాళ్ళు చెప్పలేదు. చమురు దేశాలు ఉత్పత్తి బిగబడితే ఏమవుతుందో మేనేజర్ల ముందు పెట్టారు.

ఇక గీత. మన పక్కనే గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 2023 అక్టోబరులో బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి, నీళ్ళు వదిలేయాల్సి వచ్చింది. 2009 నుంచి 2018 దాకా లెక్కలతో గీసిన గీతకు ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు. గీత పనికొచ్చే చోటు కూడా ఉంది: 2040లో ఇరవై దాటి ఉండేవాళ్ళంతా ఇప్పటికే పుట్టారు కాబట్టి, వలసను విడిగా చూసుకుంటే ఆ వయసు జనాభాను లెక్కగట్టవచ్చు.

సినారియోకు ముందు ప్రశ్న బిగించాలి. "సిరోంచ భవిష్యత్తు" అంటే ఎటూ తేలదు. "2040లో ప్రాణహిత ఒడ్డున మిర్చి, పత్తి నిలుస్తాయా?" అంటే తేలుతుంది. దాన్ని మార్చగల కారణాలను చీటీకి ఒకటి చొప్పున ఇరవై ముప్పై రాయండి. ప్రతి చీటీకి ప్రభావం ఎంత, అనిశ్చితి ఎంత అని రెండు మార్కులు వేయండి. ప్రభావం ఎక్కువై అనిశ్చితి తక్కువున్నవి నాలుగు సినారియోల్లోనూ ఉంటాయి. రెండూ ఎక్కువున్న వాటిలోంచి రెండింటిని తీసి అడ్డగీత, నిలువుగీత చేస్తారు. అవి ఒకదాన్నొకటి కోస్తే వచ్చే నాలుగు గళ్ళే నాలుగు సినారియోలు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బ్యారేజీలో నీటిమట్టం ఒక గీత, ఒడ్డు బావుల్లో నీటిమట్టం రెండో గీత అనుకోండి. ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది, నాలుగు గళ్ళలో రెండు ఉత్తవైపోతాయి. మేడిగడ్డలో నీళ్ళు నిలుపుతారా లేదా అన్నది ఒకటి, మిర్చి కోతకు కూలీలు దొరుకుతారా లేదా అన్నది రెండోది పెట్టండి; ఒకదానితో ఒకటి ముడిపడవు. మూడే సినారియోలు రాస్తే అందరూ నడిమిదాన్ని పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. "మంచిది", "చెడ్డది" అని పేర్లు పెడితే చెడ్డదాన్ని ఎవరూ చదవరు.

పెద్దమనుషుల్ని అడగడం తప్పు కాదు, కలిపి కూర్చోబెట్టడం తప్పు. మొదట నోరు విప్పిన పెద్దాయన మాటకే మిగతావాళ్ళు తలూపుతారు. అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ 1950లలో డెల్ఫీ పద్ధతి తెచ్చింది ఈ ఇబ్బందికే. పదిహేను మందిని తీసుకోండి: మిర్చి రైతు, చేపలు పట్టేవాళ్ళు, వ్యాపారి, నీటిపారుదల ఇంజనీరు, కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ. ఎవరు ఏం రాశారో ఒకరిదొకరికి తెలియకూడదు. ప్రశ్నలు తెలుగు, మరాఠీ, ఇక్కడి ఆదివాసీల మాడియా భాషల్లో ఉండాలి. "త్వరలో", "చాలా" అని అడగొద్దు. ఏడాది, అంకె అడగండి. రెండో విడతలో మధ్యగతం (జవాబులను చిన్న నుంచి పెద్దకు పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది), నడిమి సగంమంది జవాబుల హద్దులు అందరికీ పంపండి. హద్దు బయట ఉన్నవాళ్ళను కారణం రాయమనండి. మా లెక్కలో ఆ కారణాలే అన్నిటికన్నా విలువైనవి. మూడో విడతకు జవాబులు దగ్గరపడితే అదే నిజమని అనుకోవద్దు. విసిగిపోయినవాళ్ళు కూడా మధ్యలోకి జరుగుతారు, అందుకే జవాబు మార్చినవాళ్ళనూ కారణం అడగాలి.

ఏఐ చీటీల తొలి జాబితాకు పనికొస్తుంది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టని ఒడ్డు బావుల మట్టాలు దానికి తెలియవు.

ఆఖర్న ప్రతి సినారియోకు రెండు మూడు ముందస్తు గుర్తులు రాసి, ఏటా జూన్‌కు ముందు ఎవరు చూడాలో పేరు వేయండి. గుర్తు కనబడితే ఏ ఖర్చు ఆపాలో ఆ పక్కనే ఉండాలి: ఒడ్డు చేలు వరసగా మూడేళ్ళు మునిగితే, కొత్త పైపులైను అక్కడ వేయొద్దు.