పదకొండు సెకన్ల పద్యం

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల పద్యాల పోటీ చూసినవాళ్లకు ఆ తొమ్మిదేళ్ల బాబు గుర్తుండే ఉంటాడు. రానివాళ్లకు ఇంకా బాగా గుర్తుంటాడు.

మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. చొక్కా అంచు నలుపుతూ కాసేపు పైకి చూసి, మైకులోనే "అమ్మా, తర్వాత ఏంటి?" అన్నాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నేనూ నవ్వాను. వీడియో తీసిందీ నేనే. ముందువాళ్ల తల అడ్డొస్తుంటే చెయ్యి పైకెత్తి మరీ తీశాను. వాళ్లమ్మ అందించలేదు. వాడే గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదటి పాదం నుంచి ఎత్తుకుని, నాలుగు పాదాలూ తప్పు లేకుండా అప్పజెప్పి, దండం పెట్టి దిగాడు. ఆ రోజు స్టేజి మీద నేను చూసిన మంచి దృశ్యం అదే.

వాలంటీర్ల గ్రూపులో రెండు నిమిషాల వీడియో అంతా పెట్టాను. ఎవరో అందులోంచి పదకొండు సెకన్లు కత్తిరించి, "తర్వాత ఏంటి?" దగ్గర ఆపేసి, వెనక ఓ వెకిలి నవ్వు అతికించారు. మన పేజీలోకీ ఎక్కింది. మంగళవారానికల్లా మా వదిన ఇంకో ఖండం నుంచి నాకే పంపింది: "మీ వైపు పిల్లాడేనట, చూశావా?" పైన రెండు బాణాల గుర్తు.

ఐదు చేతులు మారి వచ్చిన మెసేజ్‌కి వాట్సాప్ వేసే గుర్తది. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టారు. దాంతో ఆ రకం మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. ఎవరి బుద్ధీ మారలేదు. పదేపదే నొక్కాల్సి వచ్చేసరికి బద్ధకం వేసింది, అంతే. అంత చిన్న అడ్డుతో ఆగేదాన్ని అంతకుముందు ఎందుకు ఆపలేదో మీరే ఆలోచించండి.

చూసేవాళ్ల లెక్క కోసం ఏదైనా పంచిపెట్టే ఈ జబ్బు ఫోన్లతో పుట్టిందేమీ కాదు. 1833లో న్యూయార్క్‌లో బెంజమిన్ డే 'సన్' అనే పత్రికను ఒక్క సెంటుకే అమ్మాడు. మిగతా పత్రికలు ఆరు సెంట్లు. తక్కువైన డబ్బు ప్రకటనల్లో రాబట్టాడు. ప్రకటన కావాలంటే పాఠకుల సంఖ్య చూపించాలి కదా. రెండేళ్లకే ఆ పత్రిక చంద్రుడి మీద రెక్కల మనుషులున్నారంటూ వరసగా కథనాలు వేసింది. ఆ ఒక్క సెంటుకూ ఈ రెక్కలకూ సంబంధం లేదంటే నేను నమ్మను. 2023లో ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటా కంపెనీ ఆదాయంలో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనలదే. సరుకు అదే, తూకం రాళ్లే మారాయి.

తప్పంతా ఈ కంపెనీల మీదకు నెట్టేసి ఈ వ్యాసం ముగిద్దామనుకున్నాను. మన సంఘం కార్యవర్గం (ఈసీ) మీటింగ్ ముగించనివ్వలేదు. అక్కడ ఒకాయన, కల్లాకపటం తెలియని మనిషి, సంతోషంగా అన్నాడు: "మన పేజీలో ఇంతవరకూ దేనికీ ఇన్ని వ్యూస్ రాలేదండీ. స్పాన్సర్ల బ్రోచర్‌లో ఈ అంకె వేద్దాం." ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. రెండేళ్లు ట్రెజరర్‌గా చేసినవాణ్ణి. "మీ ప్రోగ్రాం ఎంతమంది చూస్తారు?" అని స్పాన్సర్ అడిగితే నీళ్లు నమిలిన బాధ నాకు తెలుసు. టికెట్ల డబ్బు హాలు అద్దెకే చాలదు. అలా అడగడం స్పాన్సర్ తప్పు కాదు. ఆ అంకె కోసం మనం ఏం చూపిస్తున్నామన్నదే నా బాధ.

ఫోన్లను తిట్టడానికి నాకు అర్హత కూడా లేదు. మా ఇంట్లో భోజనాల దగ్గర ఫోన్లు నిషేధమని అందరికీ గొప్పగా చెప్తుంటాను. ఆ నిషేధం పిల్లలకే. పైగా మా అమ్మ మనవరాలి డాన్స్ చూసేది ఆ ఫోన్‌లోనే. కాలు కదపలేని మనిషి, లైవ్ మొదలయ్యే గంట ముందు నుంచే తల దువ్వుకుని కూర్చుంటుంది. అది కాదనుకోమని ఎవరికీ చెప్పలేను.

అందుకని చేతులు జోడించి అడిగేది కొంచెమే. పిల్లల ఐటమ్స్‌కి సంఘం కెమెరా ఒక్కటే ఉండనివ్వండి. ఆ వీడియో తల్లిదండ్రులకే ఇద్దాం, పంచుకోవాలో లేదో వాళ్లిష్టం. లైవ్ మానొద్దు, అక్కడక్కడా ముక్కలు కోసి పేజీలో పెట్టడం మానేద్దాం. బ్రోచర్‌లో హాల్లో కూర్చున్నవాళ్ల లెక్కే వేద్దాం. స్పాన్సర్లు ఒకరిద్దరు తగ్గితే తగ్గుతారు. స్టేజి డెకరేషన్ తగ్గించుకుందాం.

వచ్చే పోటీకి పేర్లు రాసుకుంటున్నది నేనే. ఆ బాబు పేరు ఇంకా రాలేదు. వాళ్లమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను. "చూద్దామండీ, వాడు వద్దంటున్నాడు" అంది.