చల్లబడ్డ బండినే చూపించండి మహాప్రభో

పొద్దున్నే పది సెల్ఫ్‌లు కొడితే గానీ లేవని సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారుని మధ్యాహ్నం నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్తారు. ఇంజిన్ వేడి మీదుంది కాబట్టి అక్కడ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. "బ్యాటరీ మార్చేద్దాం సార్" అంటాడు మెకానిక్. మారుస్తారు. మర్నాడు పొద్దున మళ్లీ మొదటికే! ముందురోజు సాయంత్రమే బండిని షెడ్డులో వదిలేసి రావడానికి ఏం నొప్పి?

బ్యాటరీ సంగతి రెండు నిమిషాల్లో తేలుతుంది. రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కిందికి పడకూడదు. వోల్టులు బాగుండి సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్ కేబుల్, టెర్మినళ్లు చూడండి. చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేసి సైలెన్సర్ వెనక్కి వెళ్లి పొగ చూడండి.

తెల్లగా వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండట్లేదు. లంబసింగి, ఆదిలాబాద్ చలిలో అయితే మొదటి అనుమానం హీటర్ ప్లగ్‌ల మీదే, అంటే స్టార్టింగ్‌కి ముందు సిలిండర్ లోపల వేడెక్కించే ప్లగ్‌ల మీదే. వైరు పీకి, ప్లగ్ కొసకీ ఇంజిన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. చాలా బండ్లలో ఒకటికి అటూఇటూ ఉంటుంది. మీటరు కదలకపోతే ఆ ప్లగ్ కాలిపోయినట్టే. అన్నీ బాగుంటే, చలిలోనే ఇగ్నిషన్ ఆన్ చేసి వైరుకి కరెంటు వస్తోందా చూడాలి. రాకపోతే ఫ్యూజు, రిలే. ఇంజిన్ వేడిగానే ఉందని టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెప్పినా రాదు: రాత్రంతా ఆగిన ఇంజిన్‌కి స్కానర్ 60 డిగ్రీలు చూపిస్తే ఇంకేం వెతుకుతారు? పాత ప్లగ్‌లు విప్పేటప్పుడు మాత్రం ఇంజిన్ వెచ్చగా ఉండాలి, తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజే కొట్టాలి. మొండిగా తిప్పితే ప్లగ్ హెడ్‌లోనే (ఇంజిన్ పై భాగంలోనే) విరుగుతుంది. ఆ తర్వాత హెడ్ దింపించే ఖర్చు మీది.

పొగే లేదంటే డీజిల్ అందట్లేదు. ఎక్కడో గాలి పీల్చి, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోయి ఉంటుంది. డీజిల్ ఎక్కించే చేతి పంపు ఉన్న బండైతే గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొట్టండి. టక్కున అందుకుంటే ఫిల్టర్ వాషర్, పైపులు, క్లిప్పులు చూడాలి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల రిటర్న్ (అవి వెనక్కి వదిలేసే డీజిల్) ఎక్కువైనా ప్రెషర్ లేవదు. ఒక్కోదానికీ ఒక్కో సీసా కట్టి, ఏది ఎక్కువ కారుస్తోందో చూశాకే విప్పనివ్వండి. మే నెలలో కూడా పొద్దున మొరాయించే కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకానికి) హీటర్ ప్లగ్‌లు మార్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

స్టార్టింగ్ స్ప్రే జోలికి అసలు వెళ్లొద్దు. ప్లగ్ ఎర్రగా ఉన్నప్పుడు స్ప్రేలో ఉండే ఈథర్ తగిలితే వేళకాని వేళ పేలి పిస్టన్లు, రింగులు పోతాయి.

ఇంకా కొననివాళ్లు వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందేమో చూడండి. "మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచా సార్" అని అమ్మేవాడు అన్నాడా, రేపు పొద్దున ఆరింటికి వస్తాం, ముట్టుకోవద్దని చెప్పి వచ్చేయండి.