బర్నర్లు లెక్కపెట్టి గ్రిల్ కొనకండి

మా నల్లగొండలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు డాబా మీద గ్యాస్ గ్రిల్ పెట్టుకోవాలన్న సరదా ఈ మధ్య బాగానే పట్టుకుంది. సరదా మంచిదే. కొనే పద్ధతే నాకు నచ్చడం లేదు. షాపులోకి పోగానే అడిగే మొదటి మాట, "ఎన్ని బర్నర్లు?" నాలుగంటే మొహం చిన్నబోతుంది, ఆరంటే వెలిగిపోతుంది. ఇంట్లో తినేది నలుగురే. అమెరికాలో ఉన్న బావమరిది వీడియో కాల్‌లో చూపించిన గ్రిల్‌కి ఎన్ని నాబ్‌లు ఉంటే మనదానికీ అన్ని ఉండాల్సిందే.

ముందు అడగాల్సింది గ్యాస్ సంగతి. అక్కడి గ్రిల్లు ప్రొపేన్‌కు తగ్గట్టు చేసినవి. మన ఇంటి సిలిండర్లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన గ్యాస్. బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే జెట్ రంధ్రం, రెగ్యులేటర్ రెండూ మన గ్యాస్‌కు సరిపోవాలి. అక్కడి సిలిండర్‌కు మరతో బిగించే కనెక్షన్ ఉంటుంది, మనది టక్కున కూర్చునే 22 ఎం.ఎం. వాల్వు. గ్రిల్ కింద కనబడే ఆ అందమైన అలమార వాళ్ల 9 కిలోల సిలిండర్ కొలతకు చేసింది. మన 14.2 కిలోల ఎర్ర సిలిండర్ దానికంటే పొడుగు, లోపల పట్టదు. పక్కన నిలబెట్టుకోవాల్సిందే. పడుకోబెట్టి లోపలికి తోద్దామనే మహానుభావులు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన గ్రిల్ పెట్టెలో వచ్చిన పైపు మన రెగ్యులేటర్‌కు ఏ వైపు నుంచీ ఎక్కలేదు. ఫోన్ చేస్తే "లోకల్‌గా అడ్జస్ట్ చేసుకోండి సార్" అన్నారు. గ్యాస్ పైపు దగ్గర అడ్జస్ట్‌మెంట్ ఏమిటండీ?

ఆ అడ్జస్ట్‌మెంట్ ఎలా ఉంటుందో కూడా చెప్తా. మంట చాలడం లేదంటే షాపులో ఒకాయన హోటళ్ల పెద్ద పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించి ఇస్తాడు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్ల ప్రెషర్. ఇంటి గ్రిల్ ఆ ప్రెషర్‌కే తయారైంది. దానికి హై ప్రెషర్ తగిలిస్తే మంట బర్నర్ మీద నిలవకుండా పైకి లేస్తుంది, పసుపు పచ్చగా మండి మాంసానికి మసి పట్టిస్తుంది. అది మసి వరకే ఆగితే మీ అదృష్టం.

ఇక బీటీయూ, అంటే వేడిని కొలిచే లెక్క. డబ్బా మీద 30,000 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అందరూ మురిసిపోతారు. అది గ్రిల్ బలం చెప్పే లెక్క అనుకుంటున్నారు. అది గ్యాస్ కాల్చి గంటకు ఎంత వేడి పుట్టించగలదో చెప్పే లెక్క, అంటే మీ గ్యాస్ ఖర్చు. అన్ని నాబ్‌లూ ఫుల్లుగా తిప్పితే గంటకు దాదాపు 700 గ్రాముల గ్యాస్ పోతుంది. చూడాల్సింది ఆ వేడి ఎంత జాగాకు పంచుతున్నారన్నది. బీటీయూని ముక్కలు పేర్చే జాలీ వైశాల్యంతో భాగించండి. చదరపు అంగుళానికి 80 నుంచి 100 మధ్య వస్తే మాంసం మీద చార పడుతుంది, లేకపోతే ఉడుకుతుంది. ఆరు బర్నర్లున్నా జాలీ మరీ వెడల్పయితే ఈ లెక్కలో ఓడిపోయేవి ఉన్నాయి.

నా దృష్టిలో గ్రిల్‌కు ప్రాణం మూత. బరువైన, సందు లేకుండా కూర్చునే మూత. మన దగ్గర చికెన్ లెగ్ పీసులు పైన నల్లగా మాడి, ఎముక దగ్గర ఎర్రగా ఉండటానికి మసాలా కారణం కాదు. మూత తీసిపెట్టి పెద్ద మంట మీద కాల్చడమే కారణం. రెండు బర్నర్లుంటే ఒకటి వెలిగించి ఒకటి ఆపేయండి. ముందు మంట ఉన్న వైపు రంగు రానిచ్చి, తర్వాత మంట లేని వైపు జరిపి మూత పెట్టండి. లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా కదపకండి. చిన్న కుటుంబానికి మూత ఉన్న రెండు బర్నర్లు చాలు, మూడైతే దర్జా.

అమెరికా వీడియోలు చూసేవాళ్లు ఇంకోటి మర్చిపోతారు. వాళ్ల చికెన్‌కు తోలు ఉంటుంది, మనం కొనేది స్కిన్‌లెస్. అది జాలీకి అతుక్కుపోతుంది. అందుకే బరువైన కాస్ట్ ఐరన్ జాలీ ఉన్నది చూడమంటాను, బాగా వేడెక్కి, నూనె రాస్తే ముక్క వదులుతుంది. వానాకాలంలో తుప్పు పడుతుంది, నిజమే, నూనె రాసి లోపల పెట్టుకోవాలి. మటన్ సంగతి మరీను. షాపులో కూరకు కొట్టినట్టు కొట్టించుకుని వస్తే సగం ముక్కలు సందుల్లోంచి కిందికి పోతాయి. కొట్టకముందే చాప్స్ కావాలని చెప్పాలి. మన మేకపోతు మాంసం గట్టిది కాబట్టి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించాలి, మరీ ఎక్కువసేపు ఉంచితే పిండి అవుతుంది.

చేపల్లో నా ఓటు కొర్రమట్టకే. ముళ్లు తక్కువ, కండ గట్టి, గ్రిల్ మీద విరగదు. సాగర్ నుంచి వచ్చే రవ్వ, బొచ్చె కూడా బాగుంటాయి, కానీ రెండు వైపులా పట్టి ఉంచే జాలీలో బిగించాలి. వంకాయ, టమాట కాల్చి పచ్చడి చేసుకోవడానికి, మక్క కంకులకు గ్యాస్ బ్రహ్మాండం. పచ్చి పల్లికాయ, కాయ సీతాఫలం మాత్రం నిప్పుల్లో పూడిస్తేనే రుచి. పాలమూరువాళ్లతో ఈ విషయంలో వాదించే ధైర్యం నాకు లేదు.

"బొగ్గు రుచి రాదు కదా" అంటారు. కొంత వరకే నిజం. కొవ్వు కారి వేడి రేకు మీద పడి లేచే పొగ గ్యాస్‌లోనూ ఉంటుంది. కట్టె పొగ వాసన మాత్రం రాదు. అది కావాలంటే చివర్లో చిన్న గిన్నెలో ఒక నిప్పు పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత మూయండి.

స్టీలు అని అమ్మేదంతా ఒకటే స్టీలు కాదు. జేబులో అయస్కాంతం పెట్టుకుని పోండి, గట్టిగా అతుక్కుంటే తక్కువ రకం అయ్యే అవకాశం ఎక్కువ. బర్నర్లకు ఇది ముఖ్యం. పైకి మెరిసే రేకుకు అంత పట్టింపు లేదు, ఎలాగూ మన బోరు నీళ్లతో తుడిస్తే తెల్ల మరకలే.

కింద సెల్లార్ పార్కింగ్‌లో మాత్రం గ్రిల్ పెట్టకండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, కిందే మడుగు కడుతుంది. డాబా మీదే పెట్టండి, గాలి కొట్టకుండా పిట్టగోడ పక్కన, సిలిండర్‌కు నీడ ఉండేలా. మూత తెరిచే వెలిగించండి. పైపు జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. సురక్షా పైపు ఐదేళ్లకు మార్చాలి. వాసన వస్తే 1906కు ఫోన్ చేయండి.

ఇప్పటికే ఆరు బర్నర్లది కొనేసినవాళ్లకు ఒక మాట. మీరు వాడని ఆ నాలుగు బర్నర్ల గొట్టాల్లో సాలెపురుగులు గూళ్లు కడతాయి. గ్యాస్ ముందుకు పోలేక వెనక్కి, నాబ్‌ల వైపు మండుతుంది. దసరాకు బావమరిది ముందు వెలిగించి చూపించే ముందు ఆ గొట్టాలు విప్పి, సన్నని బ్రష్షుతో దులపండి.