గాడిద ఎక్కడ?

మా సంఘం సంక్రాంతి సంచికకి వచ్చే పిల్లల కథల్ని చదివి ఏరే పని నాలుగేళ్ళుగా నా నెత్తిన పడింది. వద్దనలేను. చెన్నైలో తెలుగు చదివేవాళ్ళే తగ్గిపోతున్నారు, రాసేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకని రాసిన ప్రతివాళ్ళకీ ముందు దణ్ణం పెట్టి, ఆ తర్వాతే నా గోడు చెబుతాను.

కథలన్నీ ఒకటే కథ. వైకుంఠ ఏకాదశి నాడు ట్రిప్లికేన్ పార్థసారథి గుడి జనంలో పిల్లవాడు తప్పిపోతాడు. లేదా సెంట్రల్ స్టేషన్‌లో ఎవడో ఎత్తుకుపోతాడు. వాడు కళ్ళు మూసుకుని "నారాయణా" అంటాడు. దుండగుడి కారు ఆగిపోతుంది. తెల్లగడ్డం తాతగారొకరు పిల్లవాణ్ణి ఇంటికి చేర్చి, వాళ్ళమ్మ మంచినీళ్ళు తెచ్చేలోగా మాయమైపోతారు. ఒకటిన్నర పేజీలో అంతా సుఖం. నారాయణ అన్న మాట కంటపడగానే పిల్లవాడికి ఢోకా లేదని తెలిసిపోతుంది. ఇక టెన్షన్ ఎక్కడిది? మిగిలింది ప్రసాదం పంచడమే.

కమిటీలో ఈ మాటే అంటే ఒక పెద్దాయన "పండగ పూట పిల్లల్ని భయపెట్టడం ఎందుకండీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కృష్ణాష్టమికి మనం చెప్పే కథ ఏమిటి? ఆరుగురు పసిబిడ్డల్ని చంపించిన మేనమామ కథ. పెరంబూరులో మా ఎదురింటివాళ్ళు డిసెంబరు రాగానే వాకిట్లో నక్షత్రం కడతారు. వాళ్ళ పండగ కథలోనూ హేరోదు రాజు బెత్లెహేము పసివాళ్ళని చంపమంటాడు, యోసేపు తల్లినీ బిడ్డనీ తీసుకుని రాత్రికి రాత్రి ఈజిప్టుకి పారిపోతాడు. ఆ ఇంటి పెద్దావిడ మెడలో సెయింట్ క్రిస్టఫర్ పతకం ఉండేది. ప్రయాణాల్లో కాపాడే పునీతుడట. బాలయేసుని భుజాన ఎత్తుకుని ఏరు దాటించాడని, అడుగు వేసేకొద్దీ బిడ్డ బరువు పెరిగిందని ఆవిడ చెబితే, మా అమ్మ "అయ్యో, మా వసుదేవుడే కదండీ" అంది.

ఇలాంటి సరంజామాతోనే క్రిస్మస్ సస్పెన్స్ నవలలు వస్తుంటాయి. మంచు, తప్పిపోయిన పిల్లవాడు, వాడి గుప్పిట్లో ఒక పతకం. పండగ పొద్దుటికి ఇల్లు చేరతాడని తెలిసి కూడా జనం ఊపిరి బిగపట్టి చదువుతారు. అలా చదివించడం మనకి రానిదేమీ కాదు.

వసుదేవుడి కథే చూడండి. సంకెళ్ళు ఊడిపోయాయి, తలుపులు తెరుచుకున్నాయి, కాపలావాళ్ళు నిద్రపోయారు, యమున దారిచ్చింది. ఇంత సాయం పైనుంచే అందుతుంటే ఇక భయపడటానికేముంది? మనవాళ్ళు అక్కడ ఊరుకోలేదు. ఒక గాడిదని తెచ్చి కట్టేశారు. అది ఓండ్ర పెట్టిందా, కంసుడు లేస్తాడు. అందుకని వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. భాగవతంలో ఆ గాడిద లేదు. ఏ అరుగు మీదో కథ చెబుతున్న ముసలమ్మ, ఎదురుగా మనవడు ఆవలించడం చూసి అప్పటికప్పుడు కల్పించి ఉంటుంది. ఇప్పుడు ఆ సామెతని ఆఫీసుల్లో పని జరిపించుకోవడానికి వాడుకుంటున్నాం కానీ, అసలు అది కథ రాసేవాళ్ళు గోడకి అతికించుకోవలసిన మాట.

పోతనగారిది ఇంకో దారి. బయట గాడిదని పెట్టలేదు, ఏనుగు మనసులోనే పెట్టారు. మొసలి పట్టు వదలదు, ఒంట్లో బలం లేదు, అప్పుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు గజేంద్రుడు. భక్తుడి నోట ఆ "లేడో" వచ్చినప్పుడే కదా మనకి గుండె జారేది. మాకు వచ్చే కథల్లో ఏ పిల్లవాడికీ ఆ అనుమానం రాదు. 1947 జూలైలో ఈ ఊళ్ళోనే పుట్టిన చందమామ సీరియళ్ళు కూడా కుర్రాణ్ణి అపాయంలో వదిలేసి మళ్ళీ నెల దాకా ఆగమనేవి. ఆగాం. మాకేం కాలేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది కమిటీలో గట్టిగా అనలేకపోయాను. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. మెరీనా ఇసుకలో ఆడుకుంటున్న పిల్లల్నీ, వేళాంగణ్ణికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళనీ సముద్రం తీసుకుపోయింది. వాళ్ళెవరూ నమ్మకం తక్కువై పోలేదు. "నమ్మినవాడికి ఏమీ కాదు" అని ఈ ఊళ్ళో అచ్చు వేసేటప్పుడు నా చెయ్యి ఒకసారి ఆగుతుంది.

మాకూ ఒక మెరీనా కథ ఉంది. మన ముక్కనుమ ఇక్కడ కాణుం పొంగల్, ఊరంతా బీచిలోనే ఉంటుంది. ఆరోజు సముద్రంలో దిగనివ్వరు, పోలీసులు పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ కడతారు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఒక చేతికి పోలీసు పట్టీ, ఇంకో చేతికి మా అమ్మ కట్టిన ఆంజనేయస్వామి తాయెత్తు. చెరుకురసం డబ్బులిచ్చి తిరిగి చూస్తే పిల్ల లేదు. నలభై నిమిషాలు. నేను పరిగెడుతూనే వెంకన్నకి మొక్కాను, ఏమని మొక్కానో ఇప్పటికీ గుర్తురాదు.

దొరికాక "ఎక్కడికి పోయావే" అంటే "నేనెక్కడికీ పోలేదు. భయమేస్తే తాయెత్తు పట్టుకుని ఉన్నచోటే నిలబడమంది నానమ్మ" అంది. సుండల్ అమ్మే ఆవిడ చూసి పోలీసులకి అప్పగించిందట. మా అమ్మ ఇప్పటికీ ఇది హనుమంతుడి పనే అంటుంది. కాదని నేనూ అనను. తప్పిపోయిన పిల్ల కదలకుండా నిలబడటం కన్నా ఏం కావాలి?

అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. ఈ కథ తను చెబితే వినాలి. తాయెత్తు సంగతి ఒక్క ముక్కలో దాటేసి పట్టీ దగ్గర ఆగుతుంది. చెరుకురసం ఒలికి రెండు అంకెలు అలుక్కుపోయాయట. అది ఒకటా ఏడా, ఇది సున్నానా ఆరా. లేడీ కానిస్టేబుల్ ఒక్కో నంబరూ వరసగా కొట్టిందట. మొదటిది మోగలేదు. రెండోది ఎవరో తాంబరం ఆయన ఎత్తి, పండగ పూట నిద్ర చెడగొట్టారని తిట్టాడట. మూడోది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తరు. జనం గోలలో నాకు వినపడలేదు మరి. ఇక్కడ అది ఆగి అందరి మొహాలూ చూస్తుంది.

ఇదే సంచికకి రాసివ్వమ్మా అంటే ససేమిరా అంటోంది. "నీకిస్తే చివర్లో తెల్లగడ్డం తాతని చేరుస్తావు నాన్నా" అంటుంది. కిందటేడు ఒక కథకి నేనే చేర్చానని దానికి తెలుసు.