తెర మీద తేనెటీగల పాఠం: కెమెరా ఎవరి పెట్టె ముందుండాలి?

తెరిచిన తేనెటీగల పెట్టె చుట్టూ 20 మంది మూగితే, ఫ్రేములో, అంటే తేనెపట్టు కట్టిన చెక్క చట్రంలో ఏముందో కనిపించేది ముందు వరసలో ఉన్న ముగ్గురికే. వెనకవాళ్లకు కనిపించేది ఎదుటివాళ్ల టోపీల వలలు, వినిపించేది ‘అదిగో గుడ్డు, చూశారా’ అన్న మాట. కనిపించకపోయినా తలూపేస్తారు. తేనెటీగ గుడ్డు ఉండేదే ఒకటిన్నర మిల్లీమీటరు. పట్టులోని గది అడుగున నిలబెట్టిన తెల్లదారపు ముక్కలా ఉంటుంది. ఎండ మన భుజం వెనక నుంచి పడాలి, ఫ్రేమును సరైన వాలులో పట్టుకోవాలి, అప్పుడు గానీ కంటికి ఆనదు. ఈలోగా 34, 35 డిగ్రీల వెచ్చదనంలో ఉండాల్సిన పిల్లపురుగులు బయటి గాలికి చల్లబడుతూ ఉంటాయి.

అందుకే తేనెటీగల పెంపకందారుల సంఘాలు సమావేశాలనూ పాఠాలనూ ఆన్‌లైన్‌కు మార్చుకుంటుంటే ‘ఈగల పెంపకం ఫోన్‌లో నేర్చుకునే విద్యా?’ అని వెక్కిరించేవాళ్లతో నేను కలవలేను. ఒక్క మంచి ఫొటోను తెర మీద పెద్దది చేస్తే ఆ గుడ్డు అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. గుడ్డు పెట్టిన రోజు నుంచి రాణి ఈగ బయటికి రావడానికి 16 రోజులు, కూలి ఈగకు 21, పోతుటీగకు 24. ఈ లెక్కను క్యాలెండర్ ముందు పెట్టుకుని నేర్చుకోవడమే సుఖం. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది కాబట్టి, గది అడుగున సరిగ్గా ఒక్కో గుడ్డు ఉంటే మూడు రోజుల కిందటి వరకూ రాణి ఉన్నట్టే. ఆమెను వెతుకుతూ పెట్టెనంతా కెలకక్కర్లేదు. ఈ చిన్న విషయం ముందే తెలిస్తే కొత్తవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది. పైగా ఒకరి పెట్టె నుంచి ఇంకొకరి పెట్టెకు తొడుగులతో, పరికరాలతో రోగాలు మోసుకెళ్లే గొడవ తెర మీద ఉండదు.

కానీ ఈత గురించి తెలియడం వేరు, ఈత రావడం వేరు. పెట్టె వెనక అంచును కాస్త ఎత్తి చూసి లోపల తేనె ఎంత ఉందో చెప్పేవాళ్లుంటారు. ఆ బరువు చేతికి తెలియాల్సిందే. ఈగ కుట్టినప్పుడు తోటి ఈగలకు హెచ్చరికగా ఒక వాసన వదులుతుంది, అచ్చం మగ్గిన అరటిపండు వాసన. అది ముక్కుకు తగలగానే పొగ పట్టి, మూత మూయడం ఎప్పుడు మంచిదో ఆలోచించుకోవాలి. పిల్లపురుగులకు వచ్చే ఫౌల్‌బ్రూడ్ అనే కుళ్లు రోగంలో ఒక రకం మరీ మొండిది. దాని బీజాలు 40 ఏళ్లు దాటినా చావవు. అనుమానమున్న గదిలో అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా లాగితే గోధుమరంగు జిగురు తీగలా సాగుతుంది. వీడియోలో ఆ తీగ కనిపిస్తుంది, కంపు మాత్రం రాదు.

ఈ చిక్కుకు మంచి జవాబు 18వ శతాబ్దంలోనే ఉంది. జెనీవాలో పుట్టిన ఫ్రాన్స్వా హ్యూబర్‌కు యౌవనంలోనే చూపు పోయింది. అయినా రాణి ఈగ జతకట్టేది పెట్టెలో కాదని, బయట గాల్లో ఎగురుతూనని తేల్చినవాళ్లలో ఆయన ఒకడు. పెట్టెలు తెరిచింది ఆయన దగ్గర పనిచేసిన బర్నెన్స్. హ్యూబర్ అడిగేవాడు, బర్నెన్స్ చూసి చెప్పేవాడు, హ్యూబర్ మళ్లీ అడిగేవాడు. ఒకసారి రెండు పెట్టెల్లోని ఈగలను ఒక్కొక్కటే పట్టి చూడటానికి బర్నెన్స్‌కు 11 రోజులు పట్టింది. ఆ పరిశీలనలు 1792లో అచ్చయ్యాయి, అదీ శాస్త్రవేత్త షార్ల్ బొనేకు రాసిన ఉత్తరాల రూపంలో. దూరవిద్య ఈ రంగానికి కొత్తేమీ కాదన్నమాట.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కళ్లూ చేతులూ శిష్యుడివి, ప్రశ్నలు గురువువి. ఇప్పుడు చాలా ఆన్‌లైన్ పాఠాల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతోంది. అనుభవజ్ఞుడు తన పెట్టె ముందు కెమెరా పెట్టుకుని తెరుస్తాడు. ఆయన పెట్టె నీట్‌గా ఉంటుంది, ఈగలు బుద్ధిగా ఉంటాయి, ఫ్రేములు అంటుకోవు. మనం చూసి సంతోషిస్తాం. మర్నాడు మన పెట్టె మూతే ఊడిరాదు.

కెమెరాను శిష్యుడి పెట్టె ముందు పెట్టి చూడండి. ‘సార్, రాణి కనిపించట్లేదండీ’ అంటాడు. ‘రాణి సంగతి తర్వాత, గదుల్లోకి చూడండి’ అంటారు గురువుగారు. ‘గుడ్లున్నాయి సార్, ఒక్కో గదిలో మూడు నాలుగు.’ ‘అడుగున ఉన్నాయా, గోడలకు అంటుకుని ఉన్నాయా?’ ఆ ఒక్క ప్రశ్నలో ఎంతో ఉంది. కొత్త రాణి ఒక్కోసారి తొందరపడి గదికి రెండు గుడ్లు పెట్టినా అడుగునే పెడుతుంది. గోడల మీద ఉన్నాయంటే రాణి లేక కూలి ఈగలే పెడుతున్నాయేమోనని అనుమానించాలి. వాటి పొట్ట పొట్టిది, అడుగుదాకా అందదు. ఈ తేడాను పాఠంగా పదిసార్లు విన్నవాడి కంటే, జవాబు కోసం ఎండలో ఫ్రేము వంచి చూసినవాడికే బాగా గుర్తుంటుంది.

అయితే మొదటి నాలుగైదుసార్లు పక్కన మనిషి ఉండాల్సిందే, ఇందులో బేరాల్లేవు. కొందరికి ఒక్క కుట్టుకే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. అప్పుడు తెర అవతల ఉన్న గురువు చేయగలిగేది కేకలు పెట్టడమే.

హాలులో కూడే సంఘం కంటే ఆన్‌లైన్ సంఘం బాగా చేయగల పని ఇంకొకటి ఉంది, ఈగలను పట్టి పీడించే వరోవా పురుగుల లెక్క. రాణి లేదని చూసుకున్న ఫ్రేము నుంచి అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, పంచదార పొడిలో దొర్లించి జల్లెడలా ఊపితే పురుగులు రాలతాయి. తొమ్మిది రాలితే నూటికి మూడు. ఒకే వారంలో అందరూ లెక్కపెట్టి అంకెలు ఒకచోట రాస్తే, పురుగు ఏ వైపు పెరుగుతోందో తెలిసిపోతుంది. దారితప్పిన ఈగలు, దోచుకునే ఈగలు దాన్ని పెట్టె నుంచి పెట్టెకు మోస్తాయి. పక్కవాడి లెక్క తప్పితే నష్టం మనకూ ఉంటుంది.

నాకున్న అసలు భయం ‘స్థానిక’ అన్న మాట గురించి. లింకు ఎవరికైనా పనిచేస్తుంది కాబట్టి ఎక్కడెక్కడివాళ్లో చేరతారు. వాళ్ల దగ్గర పూలకాలం మొదలైందని ‘పెట్టె మీద ఇంకో అంతస్తు వేసెయ్యండి’ అంటారు. మన దగ్గర పూత ఇంకా రానే లేదు. ఖాళీ అంతస్తును వెచ్చగా ఉంచలేక బలహీనమైన గుంపు అవస్థ పడుతుంది. ప్రశ్నకైనా సలహాకైనా ప్రాంతం, రికార్డు చేసిన పాఠానికి తేదీ రాయాలని సంఘం పట్టుబట్టాలి. నిరుడు వసంతంలో చెప్పిన పాఠాన్ని శరత్కాలంలో చూసి పెట్టె తెరిచేవాళ్లు ఉంటారు మరి.

హాలులో సమావేశం ముగిశాక బళ్లు తీసే చోట ఇంకో పావుగంట నిలబడి మాట్లాడుకోవడం ఉండేది. ‘నా రెండో పెట్టె చచ్చిపోయిందండీ, ఎందుకో తెలియట్లేదు’ అన్న మాట అందరి ముందూ రాదు, అక్కడ వచ్చేది. ఆన్‌లైన్‌లో ‘ధన్యవాదాలు’ అనగానే కిటికీ మూసుకుంటుంది. రికార్డింగ్ ఆపేసి, నిర్వాహకులు ఇద్దరు ఇంకో అరగంట లైనులో ఉండిపోతే సరిపోతుంది, ఎవరూ మాట్లాడకపోయినా సరే.