మా కుటుంబంలోకి సుస్వాగతం!

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌లోకి ఎవరు కొత్తగా దిగినా అసోసియేషన్ వారు స్వాగతపత్రం ఇస్తారు. నాలుగు పేజీలు. మొదటి లైను 'మా కుటుంబంలోకి సుస్వాగతం'. రెండో లైను నుంచి కుటుంబసభ్యులు చేయకూడని పనులు. బాల్కనీలో బట్టలు ఆరేయరాదు. మధ్యాహ్నం గోడకు మేకు కొట్టరాదు. మూవ్-ఇన్ చార్జీ కట్టనిదే సామాన్ల బండి గేటు దాటరాదు. కొత్తకోడలికి అత్తగారు కూడా ఇన్ని చెప్పదు. చివర్న లావుపాటి అక్షరాల్లో: 'అసోసియేషన్ పనుల్లో చురుగ్గా పాల్గొనండి.'

మూడో అంతస్తులో దిగిన కుర్రాడు పాపం అది నమ్మాడు. జనరల్ బాడీ మీటింగు పదిన్నరకంటే పదిన్నరకే వచ్చాడు! సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం కనుక ఏడాదికోసారి ఈ తంతు తప్పదు. ఉన్నవి 96 ఫ్లాట్లు, కోరానికి, అంటే మీటింగు చెల్లడానికి, 32 మంది కావాలి. పదకొండున్నరకు తేలింది తొమ్మిది మంది, సమోసాలు. కోరం లేదని మీటింగు వాయిదా వేశారు. అరగంటకు అదే తొమ్మిది మందితో, అవే కుర్చీల్లో మళ్లీ మొదలెట్టారు. బైలాస్‌లో అలా వీలుందట.

కుర్రాడు చెయ్యెత్తాడు. "అంకుల్, మే నెల వాటర్ ట్యాంకర్ల లెక్క ఎక్కడ చూడొచ్చు?"

సెల్లారంతా నిశ్శబ్దం. ప్రెసిడెంటు గారి కళ్లు చెమర్చాయి. "ఇలాంటి యువకులే మనకు కావాలి" అన్నారు. సెక్రటరీ గారు బలపరిచారు. మూడేళ్లుగా రాజీనామా జేబులో పెట్టుకు తిరుగుతున్న ట్రెజరర్ గారు చటుక్కున తీసి బల్ల మీద పెట్టారు. చప్పట్లు. చేతిలో సమోసా సగం ఉండగానే కుర్రాడు ట్రెజరరైపోయాడు. బీరువా తాళంచెవి, రబ్బరు బ్యాండు వేసిన బిల్లుల కట్ట అప్పగించారు. కట్టలో మే నెల లేదు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఆ లెక్క రోజూ అతన్నే అడుగుతున్నారు. అడిగేది పాత ట్రెజరర్ గారే.

ఇన్నేళ్లలో మాకు కోరం నిండింది ఒకే ఒక్కసారి. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీ పాడై సెల్లారు కంపు కొట్టినప్పుడు కాదు, ఎండాకాలం బోర్లు ఎండినప్పుడూ కాదు. పనిమనుషులు మెయిన్ లిఫ్టు ఎక్కొచ్చా లేదా అని తేల్చిన రోజు. కుర్చీలు చాలక గోడ వారన నిలబడ్డారు మహానుభావులు. వాళ్లకు సర్వీసు లిఫ్టు ఉందిగా అన్నారు. అది వారంలో నాలుగు రోజులు ఆగిపోయే ఉంటుంది. మోకాళ్లు అరిగిన మనిషి ఎనిమిది అంతస్తులు ఎక్కి వచ్చి మీ ఎంగిలి గిన్నెలు తోమాలి. మీ పసిపిల్లకు ముద్దలు పెట్టే చెయ్యి లిఫ్టు బటన్ నొక్కితే మైలపడుతుందా? కుక్కని ఎక్కనిస్తారే! సిగ్గు లేదూ?

ఎక్కరాదన్న తీర్మానం వద్దని చెయ్యెత్తింది ముగ్గురం. తీర్మానం నెగ్గింది.

ఈ నెల స్వాగతపత్రం కొత్తగా అచ్చయింది. ఆ తీర్మానం మూడో పేజీలో 'పరిశుభ్రత' కింద ఉంది, చెత్తబుట్టల నిబంధన తర్వాత.