పాటను కాపాడిన పెద్దమనుషులు

ఒక పాట ఆపదలో ఉందని అందరికంటే ముందు పసిగట్టగలిగేది ట్యాక్స్ లాయరే. అమెరికాలోని టల్సాలో 1938 ఏప్రిల్ 11న ఓ.సి. క్యాష్ అనే ట్యాక్స్ లాయరూ, రూపర్ట్ హాల్ అనే ఇంకో పెద్దమనిషీ కలిసి ఒక క్లబ్బు మేడమీద పాడుకుందాం రమ్మంటే 26 మంది వచ్చారు. బార్బర్‌షాప్ క్వార్టెట్‌ని, అంటే నలుగురు గొంతులు కలిపి పాడే క్షౌరశాల పాటని, కాపాడే సంఘం అలా మొదలైంది. దానికి ఎస్.పి.ఇ.బి.ఎస్.క్యూ.ఎస్.ఎ. అని పేరు పెట్టారు, అమెరికాలో బార్బర్‌షాప్ క్వార్టెట్ గానాన్ని కాపాడి ప్రోత్సహించే సంఘం అని దానర్థం. రూజ్‌వెల్ట్ సర్కారు ఆఫీసుల పొడి అక్షరాల మీద వెటకారమట. పూర్తి పేరు చదివేలోపు గీయించుకున్న గడ్డం మళ్ళీ మొలుస్తుంది.

వాయిద్యాలుండవు, నలుగురే ఉంటారు. లీడ్ అసలు బాణీ పాడతాడు, టెనర్ దానికి పైన, బేస్ అడుగున, ఇక ఎవరికీ అక్కర్లేని స్వరాలన్నీ పాపం బారిటోన్ నెత్తిన పడతాయి, అతని వరస ఒక్కటే విడిగా వింటే ఇతను వేరే పాట పాడుతున్నాడేమో అనిపిస్తుంది. నాలుగు గొంతులూ సరిగ్గా అతికితే మాత్రం ఎవరూ పాడని ఐదో స్వరం పైన ఖంగుమంటుంది. దానికోసమే చారల కోట్లూ గడ్డి టోపీలూ వేసుకుని, చివరి అక్షరాన్ని ఊపిరి అయిపోయేదాకా వదలరు.

క్షౌరానికీ సంగీతానికీ ఏం సంబంధం అని మనం అడగక్కర్లేదు, నాయీబ్రాహ్మణుల సన్నాయి మేళం లేకుండా మన పెళ్ళిళ్ళు అయ్యేవా? అక్కడ ఈ పాటని పెంచింది ఎక్కువగా నల్లజాతి వాళ్ళు, తమ క్షౌరశాలల్లో, వీధి మలుపుల్లో. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా చిన్నప్పుడు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఇలాగే నలుగురితో కలిసి పాడినవాడే.

మరి సంఘం పాటని కాపాడింది ఎవరి నుంచి? సరిగ్గా వాళ్ళ నుంచే! 1941లో గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్‌లో సామాన్లు మోసే నల్లజాతి పోర్టర్ల బృందం న్యూయార్క్ పోటీలో గెలిచింది. సంతోషం, జాతీయ పోటీకి మాత్రం రావద్దన్నారు. న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, ఆ నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ ఛీ అని రాజీనామా చేసినా సంఘం చలించలేదు, 1963 దాకా తెల్లవాళ్ళకే అనే ఆ రూలు పట్టుకుని కూర్చుంది. చివరి అక్షరం పట్టుకోవడంలో ఆరితేరినవాళ్ళు కదా.

ఆడవాళ్ళు 1945లో అదే టల్సాలో స్వీట్ ఎడలైన్స్ అని సొంత సంఘం పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి వాళ్ళూ తెల్లవాళ్ళకే సభ్యత్వం అని రాసుకుంటే, నచ్చనివాళ్ళు 1959లో వేరు కుంపటి పెట్టారు. ఇక మగవాళ్ళ సంఘం ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇచ్చింది 2018లో. 80 ఏళ్ళంటే ఆలస్యమేం కాదులెండి, బారిటోన్ వరస కుదరడానికి ఆ మాత్రం పడుతుంది.